చదరంగపు సుల్తాన్ - మీర్ సుల్తాన్ ఖాన్



ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి ఇమ్మని మన కార్యవర్గం వారు అడిగారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను సాయంత్రం అయితే సంఘ భవనంలో చదరంగం బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి గనుక ఆ బల్లకు సంబంధించిన మనిషినే ఎంచుకున్నాను. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. దేశ విభజనకు ముందు పంజాబులో పుట్టి, ఇంగ్లండు వెళ్లి, మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకాను ఓడించి, మళ్లీ సొంత ఊరు చేరి పొలం చూసుకుంటూ 1966లో కన్నుమూసిన మనిషి. ఈయన తెలుగువాడు కాదు కదా అని కొందరు అనవచ్చు. నిజమే. కాని ఒక పెద్దమనిషి నీడన ఉంటూ, ఆయన క్యాంపు ఎక్కడ వేస్తే అక్కడికి పెట్టె సర్దుకొని వెళ్లినవాడి కథ, గుమాస్తా ఉద్యోగం చేసిన మనకు తెలిసి వచ్చినంతగా మరొకరికి తెలిసి రాదని నా అభిప్రాయం.

సుల్తాన్ ఖాన్ పుట్టిన ఊరు మీఠా తివానా. అప్పటి షాపూర్ జిల్లాలోనిది, ఇప్పుడు పాకిస్తాన్‌లోని ఖుషాబ్ జిల్లాలో ఉన్నది. పుట్టిన సంవత్సరం 1903 అని ఇప్పుడు ఎక్కువగా రాస్తున్నారు, పాత పుస్తకాలలో 1905 అని ఉంటుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తంటాలు ఎరిగిన మనకు ఇది పెద్ద వింత కాదు. తండ్రి మియాన్ నిజాముద్దీన్. దైవభక్తి గల కుటుంబం, కొంత భూమి ఉన్నది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రే కొడుక్కు చదరంగం నేర్పాడు.

అయితే ఆయన నేర్చుకున్నది మన పాత దేశవాళీ చదరంగం. ఇప్పటి పిల్లలకు ఈ తేడా తెలియదు గనుక కాస్త వివరిస్తాను. మా మేనమామ గారు అరుగు మీద గళ్లు గీసి ఆడిన ఆట కూడా అదే కోవలోనిది. ఇంగ్లీషు పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు పోవచ్చు. దేశవాళీలో ఒక్క గడే. ఇంగ్లీషు పద్ధతిలో రాజు, ఏనుగు కలిసి కోట కట్టుకుంటాయి. దేశవాళీలో కోట లేదు, దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. బంటు చివరి గడికి చేరితే ఇంగ్లీషు పద్ధతిలో ఎక్కడైనా మంత్రి కావచ్చు. దేశవాళీలో అది ఏ వరుసలో చేరిందో ఆ వరుస బలమే అవుతుంది. ఇందువల్ల దేశవాళీ ఆట నెమ్మదిగా నడుస్తుంది. మొదటి పది ఎత్తుల్లో ఏ ప్రమాదమూ ఉండదు. ఇద్దరూ తీరికగా బలగాన్ని సర్దుకొని ఆ తరువాతే పోరాటానికి దిగుతారు. యూరపు వారి ఆట అట్లా కాదు. అక్కడ మొదటి ఎత్తు నుంచే కత్తి దూయాలి. ఏ ఎత్తుకు ఏ జవాబు అని వందల పుస్తకాలు ఉన్నాయి. సుల్తాన్ ఖాన్ ఆ పుస్తకాలు ఒక్కటీ చదవకుండా అటువంటి వారి ముందు కూర్చున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే ఆయన గెలుపుల విలువ తెలుస్తుంది.

ఇరవై ఒకటో ఏటికే పంజాబులో ఆయనను మించిన ఆటగాడు లేడని పేరు వచ్చింది. ఆ పేరు మేజర్ జనరల్ నవాబ్ సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా చెవిన పడింది. ఈయన కాల్రా జమీనుకు యజమాని, బ్రిటిష్ వారికి నమ్మిన మిత్రుడు, చదరంగం మీద మోజు ఉన్నవాడు. సుల్తాన్ ఖాన్‌ను తన దగ్గర పెట్టుకొని, ఇంగ్లీషు పద్ధతి నేర్పించే ఏర్పాటు చేశాడు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసి ప్రథముడయ్యాడు. ఒక్కటి కూడా ఓడలేదు.

1929 వసంతంలో నవాబు లండను ప్రయాణమయ్యాడు. ఇండియా మంత్రికి సలహాలిచ్చే కౌన్సిలులో 1929 నుంచి 1934 దాకా ఆయన సభ్యుడు. సుల్తాన్ ఖాన్ యూరపులో ఆడిన కాలమంతా 1929 నుంచి 1933 చివరి వరకే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం దానంతట అదే బోధపడుతుంది. దొరగారి పోస్టింగు ఉన్నన్నాళ్లే ఈయన చదరంగం. ప్రతిభ ఈయనది, ప్రయాణపు ఆర్డరు మాత్రం వేరొకరిది.

లండను చేరగానే ఆయనకు అభ్యాసం కోసమని ఒక చిన్న పోటీ పెట్టారు. అందులో ఆయన అట్టడుగున నిలిచాడు. ఓపెనింగు ఎత్తులు తెలియవు, వాతావరణం పడలేదు, భాష రాదు. అప్పుడు విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇద్దరు ఆంగ్ల ఆటగాళ్లు కూర్చోబెట్టి మెలకువలు చెప్పారు. తమ దేశపు పోటీలో తమతోనే తలపడబోయేవాడికి తమ విద్య చెప్పినందుకు ఆ ఇద్దరినీ మెచ్చుకోవాలి. ఆ వేసవిలో రామ్స్‌గేట్‌లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ జరిగింది. కొన్ని వారాల ముందు అడుగున నిలిచిన సుల్తాన్ ఖాన్ అందులో మొదటివాడుగా వచ్చాడు. పాలించే దేశపు పట్టాన్ని పాలింపబడే దేశపువాడు తీసుకున్నాడు. మన దేశంలో లాహోరు కాంగ్రెసు పూర్ణ స్వరాజ్య తీర్మానం చేసినది కూడా ఆ ఏడాది చివరలోనే. ఇంతా గెలిచి, కొద్ది నెలలకే నవాబుతో కలిసి స్వదేశం వచ్చేశాడు. మళ్లీ 1930 మే నెలలో గాని యూరపు వెళ్లలేదు.

ఇక హేస్టింగ్స్ సంగతి.

ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న ఈ ఊళ్లో ప్రతి ఏటా క్రిస్మస్ తరువాత చదరంగం పోటీలు జరుగుతాయి. 1930-31 పోటీకి క్యూబా దేశపు కాపబ్లాంకా వచ్చాడు. 1921లో లాస్కర్ నుంచి ప్రపంచ ఛాంపియన్ పట్టం తీసుకొని 1927లో అలెఖిన్‌కు కోల్పోయాడు. పట్టం పోయినా ఆయనంటే భయం పోలేదు. 1916 నుంచి 1924 దాకా ఎనిమిదేళ్లు ఒక్క ఆట కూడా ఓడనివాడు మరి. ఆయనను యంత్రం అనేవారు.

ప్రపంచ స్థాయి ఆటగాడు ఊళ్లోకి వచ్చాడంటే ఎట్లా ఉంటుందో మనకూ కొంత అనుభవమే. మన కోదాడ మీదుగా పోయే విజయవాడ - హైదరాబాదు రోడ్డు పక్కనే ఉన్న సంఘీనగర్‌లో 1994లో క్యాండిడేట్స్ పోటీలు జరిగాయి. మన ఆనంద్ అక్కడే కామ్‌స్కీ చేతిలో ఓడాడు. 1995 ఫిబ్రవరిలో ఫిడే ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ స్వయంగా అక్కడికి వచ్చి గెల్ఫాండ్‌ను గెలిచాడు. ఆ రోజుల్లో నేను ఆఫీసు పని మీద బస్సులో హైదరాబాదు వెళ్తూ, గుట్ట మీది సంఘీ గుడి కనిపించగానే తోటి ప్రయాణికుడితో ఈ మాట చెప్పాను. ఆయన కార్పోవ్ ఎవరని అడగలేదు గాని, టిక్కెట్టు ఎంత అని అడిగాడు. పోనివ్వండి. అటువంటి కార్పోవ్ ముందు మన జిల్లా కుర్రవాడొకడు కూర్చొని గెలిచి ఉంటే ఎట్లా ఉండేదో, హేస్టింగ్స్‌లో జరిగింది అట్లాంటిదే.

సుల్తాన్ ఖాన్‌కు తెల్ల పావులు వచ్చాయి. ఆట మెల్లగా మొదలైంది, ఆయనకు అలవాటైన దేశవాళీ తీరులోనే. తరువాత రాజు వైపు బంట్లను ముందుకు తోయడం మొదలుపెట్టాడు. కాపబ్లాంకా తన రెండు ఏనుగులను మధ్య వరుసలోకి తెచ్చి తెల్ల కోటలోకి దూసుకువచ్చాడు. చూసేవారికి అది దాడిలాగా కనిపించి ఉంటుంది. 23వ ఎత్తులో సుల్తాన్ ఖాన్ తన మంత్రిని వదిలి, దానికి బదులు ఆ రెండు ఏనుగులనూ తీసుకున్నాడు. మనబోటి వాళ్లం మంత్రి పోయిందంటే సగం ఆట పోయిందనుకుంటాం. లెక్క ప్రకారం రెండు ఏనుగులు కలిసికట్టుగా పనిచేస్తే ఒక్క మంత్రి కంటే తక్కువేమీ కావు. కాకపోతే వాటిని కలపడానికి ఓపిక కావాలి. మంత్రి ఒంటరిగా అటూ ఇటూ తిరుగుతూ రాజును బెదిరిస్తుంటుంది. ఆ బెదిరింపులకు కంగారు పడకూడదు. సుల్తాన్ ఖాన్ కంగారు పడలేదు. నలభై ఎత్తులకు పైగా ఆ స్థితిని ఒక్కొక్క గడి చొప్పున బిగించుకుంటూ వచ్చాడు. ఆయన ముఖంలో గెలుపూ ఓటమీ కనిపించేవి కావని చూసినవారు రాశారు. 65వ ఎత్తుకు కాపబ్లాంకా ఆట వదులుకున్నాడు.

ఆ పోటీలో డచ్చివాడైన యువే మొదటి స్థానం, కాపబ్లాంకా రెండు, సుల్తాన్ ఖాన్ మూడు. యువే తరువాత 1935లో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. అంటే సుల్తాన్ ఖాన్‌కు పైన నిలిచిన ఇద్దరిలో ఒకరు మాజీ ఛాంపియన్, మరొకరు కాబోయే ఛాంపియన్. కాపబ్లాంకా ఈ ఓటమిని మనసులో పెట్టుకోలేదు. ఇటువంటి పరిస్థితుల్లో ఛాంపియన్ కావడం అసాధారణ ప్రతిభకు నిదర్శనమని తరువాత ఆయనే రాశాడు.

మిగిలిన గెలుపులు త్వరగా చెప్పి ముగిస్తాను, లేకపోతే సంపాదకులకు పేజీలు చాలవు. 1930 హాంబర్గ్, 1931 ప్రాగ్, 1933 ఫోక్‌స్టోన్ ఒలింపియాడ్లలో ఇంగ్లండు జట్టుకు మొదటి బల్ల మీద ఆడాడు. ప్రాగ్‌లో 8 గెలుపులు, 7 డ్రాలు, 2 ఓటములు. ఆ గెలుపుల్లో ఫ్లోర్, రూబిన్‌స్టైన్ వంటి వారున్నారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్‌తో ఆట డ్రా అయింది. 1931లోనే టార్టకోవర్‌తో పన్నెండు ఆటల మ్యాచ్ ఆడి ఆరున్నర - అయిదున్నరతో గెలిచాడు. 1932, 1933లలో మళ్లీ బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. నాలుగుసార్లు పోటీ చేసి మూడుసార్లు గెలవడం అన్నమాట.

1933లో హేస్టింగ్స్‌లో మరో విశేషం కూడా జరిగింది. నవాబు ఇంటిలోనే ఉండిన ఫాతిమా అనే యువతి ఆ సంవత్సరం బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకున్నది. ఒక్క ఆట కూడా ఓడకుండా, రెండో స్థానం కంటే మూడు పాయింట్లు ఎక్కువ తెచ్చుకొని గెలిచింది. ఆమె గురించి పుస్తకాలలో ఒకటి రెండు పేరాలకు మించి కనపడవు. మన ఆడపిల్లలు చదరంగంలో ఏమి చేయగలరని ఎవరైనా అడిగితే కోనేరు హంపి పేరుతో పాటు ఈమె పేరు కూడా చెప్పవలసి ఉన్నది.

ఇన్ని గెలిచినా సుల్తాన్ ఖాన్ ఇంగ్లండులో సుఖపడలేదు. మలేరియా మాటిమాటికి తిరగబెట్టేది. జలుబు, గొంతు నొప్పి విడిచేవి కావు. చాలాసార్లు మెడకు గుడ్డలు చుట్టుకొని వచ్చి ఆడేవాడు. అక్కడి చలి, తేమ పడలేదు. స్వదేశం చేరిన తరువాత జైలు నుంచి విడుదలైనట్టు ఆయన సంతోషించాడని ఫాతిమా చాలా ఏళ్ల తరువాత చెప్పింది.

ఇక్కడ ఒక వివాదం ఉన్నది, దాటవేయడం న్యాయం కాదు. 1933లో అమెరికా జట్టును నవాబు తన ఇంటికి విందుకు పిలిచాడు. ఆ జట్టులోని రూబెన్ ఫైన్ తరువాత రాసినదేమిటంటే, తామంతా గొప్ప ఆటగాడని గౌరవించిన సుల్తాన్ ఖాన్ ఆ విందులో నౌకరులాగా తమకు వడ్డించాడని, తమకు చాలా ఇబ్బంది అనిపించిందని. ఈ కథనే ఆధారం చేసుకొని సుల్తాన్ ఖాన్ చదువు రాని బానిస అన్నట్టుగా ఎందరో రాశారు. ఆయన కుటుంబీకులు ఇటీవలి కాలంలో దీన్ని గట్టిగా ఖండించారు. ఆయన ఖురానును కంఠస్థం చేసినవాడని, చదువు రానివాడు కాడని, భూమి ఉన్న ఇంటివాడని, నౌకరు అనే మాటే తప్పని వారి వాదన.

నాకు తోచినది చెప్తాను. ఇంటికి వచ్చిన అతిథికి స్వయంగా వడ్డించడం మన దేశంలో మర్యాద. ఇంటి యజమాని కొడుకు కూడా వడ్డిస్తాడు. అమెరికా వారికి ఆ సంగతి తెలిసి ఉండదు. అలాగని నవాబుకూ ఆయనకూ సమాన హోదా ఉన్నదని కూడా నేను నమ్మను. ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో ఆయన చేతిలో లేదు. నౌకరు అనే మాట వాడకపోయినా సెలవు చీటీ మీద సంతకం ఎవరిదో చూస్తే చాలు. నవాబును కూడా పూర్తిగా నిందించడం నాకు ఇష్టం లేదు. ఆయన తీసుకుపోకపోతే సుల్తాన్ ఖాన్ మీఠా తివానాలోనే ఆడుకొని, అక్కడే మరుగున పడి ఉండేవాడు.

1933 డిసెంబరులో నవాబుతో పాటు సుల్తాన్ ఖాన్ ఓడ ఎక్కాడు. ఆ తరువాత మళ్లీ యూరపు ముఖం చూడలేదు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటల మ్యాచ్ ఆడి తొమ్మిది గెలిచాడు, ఒకటి డ్రా. అప్పటికి ఆయన వయసు ముప్పై చిల్లర. ఇప్పటి లెక్కల్లో ఆటగాడికి అది మంచి వయసు. కాని ఆడటానికి ఎక్కడికి పోతాడు? దేశంలో అప్పుడు చదరంగానికి జాతీయ సంఘం అంటూ నిలదొక్కుకున్నది లేదు, డబ్బు లేదు. స్వతంత్ర భారతదేశంలో మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ 1955లో మన ఏలూరులో జరిగింది. అందులో మన ఆంధ్రుడు డి. వెంకయ్య, సప్రేతో కలిసి ఉమ్మడిగా విజేత అయ్యాడు. అప్పటికి సుల్తాన్ ఖాన్ సరిహద్దుకు అవతలి వైపు ఉండిపోయాడు. 1944లో నవాబు చనిపోయాడు. 1947లో దేశం విడిపోయింది. ఒకనాటి అఖిల భారత ఛాంపియన్‌ను ఇటు భారతదేశం తనవాడని చెప్పుకోలేదు, అటు పాకిస్తాన్ పట్టించుకోలేదు.

ఆయన సర్గోధా ప్రాంతంలో తన భూమి చూసుకుంటూ బతికాడు. పిల్లలకు చదరంగం నేర్పలేదు. ఇంతకంటే పనికివచ్చేది ఏదైనా చేసుకొమ్మని కొడుకుకు చెప్పాడట. ఈ మాట విన్నప్పుడు నాకు మొదట కష్టమనిపించింది. తరువాత ఆలోచిస్తే, మనలో ఎంతమంది గుమాస్తాలం మన పిల్లలను ఇదే ఉద్యోగంలోకి రమ్మన్నాం? క్షయవ్యాధితో 1966 ఏప్రిల్ 25న ఆయన సర్గోధాలో మరణించాడు.

ఇక బకాయిల సంగతి. 1950లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చింది. మొత్తం 27 మందికి ఇచ్చారు. అందులో యువే ఉన్నాడు. సుల్తాన్ ఖాన్ చేతిలో ఓడిన టార్టకోవర్, ఫ్లోర్, రూబిన్‌స్టైన్ ముగ్గురూ ఉన్నారు. పోటీలు మానేసి ఎంతో కాలమైంది గనుక ఇవ్వలేదంటారా, రూబిన్‌స్టైన్ కూడా 1932 నాటికే ఆట మానేశాడు. ఆయనకు ఇచ్చిన నియమం ఈయనకు ఎందుకు వర్తించలేదో నాకు బోధపడదు. అప్పటికి బతికే ఉన్నాడు, 47 ఏళ్లవాడు. మనలో కొందరికి పే ఫిక్సేషనులో ఇట్లాగే జరిగింది, ఒకే సర్వీసు, ఒకే కేడరు, ఒకరికి వచ్చి ఒకరికి రాలేదు. మన భాషలో చెప్పాలంటే ఈయన పేరు జాబితా నుంచి జారిపోయింది.

2024 ఫిబ్రవరిలో ఫిడే అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ పాకిస్తాన్ వెళ్లినప్పుడు మీర్ సుల్తాన్ ఖాన్‌కు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించాడు. పాకిస్తాన్‌కు ఆయనే మొదటి గ్రాండ్‌మాస్టర్. చనిపోయిన 58 ఏళ్లకు అరియర్సు మంజూరైందన్నమాట. అదే ఏడాది డిసెంబరులో, చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేష్ 18 ఏళ్ల వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ కుర్రవాడికి శిక్షకులు, ప్రయాణ ఖర్చులకు దాతలు, వెన్నంటి ఉండే తండ్రి, చదువు విషయంలో సహకరించే బడి ఉన్నాయి. సుల్తాన్ ఖాన్‌కు వాటిలో ఎన్ని ఉన్నాయో పైన చెప్పాను.

హేస్టింగ్స్ ఆట 65 ఎత్తులనూ తెలుగులో, ఒక్కొక్క గడి వివరంతో పెద్ద అక్షరాలలో రాసి సంఘ భవనంలోని పత్రికల బల్ల సొరుగులో పెట్టాను. చత్వారం ఉన్నవారికి కూడా కనిపిస్తుంది. మనుమలు, మనుమరాళ్లను తీసుకొని వస్తే సాయంత్రం అయిదు గంటల తరువాత బల్ల మీద వేసి చూపిస్తాను. 23వ ఎత్తు దగ్గర మాత్రం ఆపి, మీరైతే ఏమి చేస్తారో ముందు వారినే అడుగుతాను.